చెరువు గట్టు దాకా వెళ్ళిన పాఠం

నరసాపురం దగ్గర మా అక్కావాళ్ళకి రొయ్యల చెరువుంది. నేను తణుకులో డిగ్రీ పిల్లలకి జువాలజీ చెబుతాను. ఈ రెండూ ఒకచోట కలవకుండా ఉంటే ఎంత బావుండేదో!

ఈ వేసవిలో ఓ ఆదివారం చర్చి నుంచి వచ్చి వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నాం. రొయ్యలు మేత తింటున్నాయిగానీ ఎదగట్లేదని బావగారు దిగులుగా ఉన్నారు. ఏదో సూక్ష్మజీవి పట్టిందన్నారట ల్యాబ్‌వాళ్ళు. కాగితం మీద రాసిచ్చిన పేరు చూపించి, "ఏం మేడమ్ గారూ, ఇది మీ పుస్తకాల్లో ఉందా?" అన్నారు.

అలా అడిగితే నేను ఊరుకుంటానా? ఈ జాతిని మా చదువుల రోజుల్లో ప్రోటోజోవాలో, అమీబాలతో కలిపి పెట్టేవారనీ, తర్వాత జన్యువులు పరీక్షించి ఫంగస్ వైపు మార్చారనీ, పప్పన్నం కలుపుతూనే పాఠం మొదలెట్టేశాను.

"అంటే ఇది ఫంగస్సా?"

"ఫంగస్‌కి దగ్గర చుట్టం అనుకోండి" అన్నాను గొప్పగా.

దానికి మందు లేదని నాకు తెలుసు. రొయ్యల్ని త్వరగా పట్టేసి, చెరువు ఎండగట్టి, సున్నం చల్లుకోవడమే దారి. ఆ ముక్క మాత్రం నా నోట రాలేదు.

నాలుగు రోజులకి అక్క ఫోన్ చేసింది. "రేపు రొయ్యల పట్టుబడికి మనుషుల్ని మాట్లాడి కూడా ఆపేశారే మీ బావగారు. నువ్వు ఫంగస్ అన్నావటగా, షాపులో ఆ మందేదో తెచ్చి మేతలో కలుపుతున్నారు."

ఆ మందు దీనికి పనిచెయ్యదు. ఫోన్లో ఎలా చెప్పేది, ఆదివారం వెళ్ళి చెబుదామనుకున్నాను. అది ఉత్త పిరికితనం. అన్నాళ్ళూ ఆయన మేత పోస్తూనే ఉన్నారు.

ఆదివారం గట్టు మీద ఆయన నీళ్ళలో వేలాడే మేత ట్రే పైకి లాగారు. ఒకటో రెండో రొయ్యలు వేలెడున్నాయి, మిగతావి చిటికెనవేలంత కూడా లేవు. చెప్పేశాను. పేరు మారినంత మాత్రాన మందు పుట్టదని, ఆ రోజే చెప్పాల్సిందని.

బావగారు ట్రే మెల్లగా నీళ్ళలోకి వదిలారు. "అయ్యో, అందరికీ చెప్పేశానే అమ్మా. మా మరదలు లెక్చరరు, ఇది ఫంగసేనని ఆవిడే తేల్చిందని."

అవతలి గట్టు మీద ఒకాయన మేత బకెట్లో ఏదో పొడి కలుపుతున్నాడు. నన్ను చూసి చేతులు దులుపుకుని, వంగి నమస్కారం పెట్టాడు.