బ్లాక్‌బోర్డు మీద మెర్ల్ పేరు

పొద్దున పది దాటింది. బయట వానా మంచూ కలిసి మొహాన కొడుతున్నాయి. నాకు ఆకలికి కడుపు కాలిపోతోంది. బాయిలరు ఆగిపోయిందని మేస్త్రీ మమ్మల్ని గంటసేపు బయటికి తోలాడు. తోళ్ళ కంపు ఒంటినిండా వేసుకుని, ఫ్యాక్టరీ ఎదురుగా డెల్ఫీన్ అనే ఆవిడ నడిపే హోటల్లోకి పోయాను. తోళ్ళ ఫ్యాక్టరీలతో బతికే గ్లవర్స్‌విల్‌లో ఆ కంపుకి ఎవడూ ముక్కు మూసుకోడు. నాకు మాత్రం ముప్ఫై ఏళ్ళైనా రోతే.

మూలన వీడియో ఆట మిషను దగ్గర మెర్ల్ హోటలింగ్ నిలబడి ఉన్నాడు. వెంట్రుకలు ఊడేందుకు తోళ్ళు నానబెట్టే సున్నం తొట్లలో పదకొండేళ్ళు నా పక్కన పనిచేసినవాడు. వాళ్ళ నాన్న చేతితొడుగులు కుట్టి కళ్ళు పోగొట్టుకున్నాడు, వీడు నానిన తోళ్ళు లాగీ లాగీ కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. వేళ్ళు కొయ్యబారిపోయి ముడుచుకోవు. కంపెనీ డాక్టరు ఆరు వారాలు సెలవు రాసి, మళ్ళీ తొట్లోకి దిగితే ఆ చెయ్యి ఇక పనికిరాదని చెప్పాడు. సెలవయ్యాక గేటు దగ్గర కూర్చునే పని ఇస్తామన్నారు. మెర్ల్ ఆశంతా ఆ గేటు మీదే.

పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. ఇంట్లో తోచక పొద్దున్నే ఇక్కడ తేలేవాడు. ఆ మిషన్లో ఉన్నది గూఢచారి ఆట. సంచి పట్టుకున్న బొమ్మ మనిషిని ఎడమచేత్తో కర్ర తిప్పి నడపాలి. కాపలావాళ్ళు టార్చిలైట్లతో తిరుగుతుంటారు. వెలుగు మీద పడేలోపు కుడిపక్క బొత్తాం నొక్కితే మనిషి పెట్టెల చాటుకి దూరతాడు. మెర్ల్ ఆ బొత్తాన్ని మోచేత్తో నొక్కేవాడు, ఒళ్ళంతా పక్కకి వంచి, కోడి రెక్క కొట్టుకున్నట్టు.

“ఏరా, డాన్సు నేర్చుకుంటున్నావా?” అన్నాను సూపు తాగుతూ.

“నోర్ముయ్ ఎల్వుడ్. హెలికాప్టరు దాకా వచ్చాను, మాట్లాడించకు.”

బొమ్మ మనిషిని హెలికాప్టరు ఎక్కించి ఆట గెలిచేశాడు. అంత దాకా ఎవడూ పోలేదు. డెల్ఫీన్ హోటల్లో ఒక వాడుక ఉంది. ఎవరైనా అందర్నీ మించి ఆడితే పేరు, రోజు, టైము ఆవిడే బ్లాక్‌బోర్డు మీద రాస్తుంది. సుద్దముక్క తీసుకుంది.

“మెర్ల్ అంటే చాలా?”

“పూర్తిగా రాయి తల్లీ. జీతం చీటీ మీద తప్ప నా పేరు ఎక్కడా చూళ్ళేదు.”

“అక్కడా తప్పే రాస్తారుగా,” అంది డెల్ఫీన్. “మంగళవారం, పదీ ఇరవై. ఆనక ఎవడూ కాదనకుండా.”

వాడు నోరు తెరిచి నవ్వుతూ ఆ బోర్డునే చూశాడు. సెలవులో ఉన్నవాడి పేరు అక్కడ ఉండకూడదని వాడికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

గురువారం మా మేస్త్రీ క్రాస్ అక్కడ భోంచేస్తూ బోర్డు చూశాడు. సాయంత్రానికల్లా మెర్ల్‌ని పిలిపించి తొట్ల దగ్గర అందరి ముందు నిలబెట్టాడు. మీసానికి మాంసం పులుసు ఇంకా అంటుకునే ఉంది.

“ఆ ఆటకి రెండు చేతులు కావాలి. నేనూ ఆడాను. చచ్చిన చేత్తో ఎలా గెలిచావురా దొంగా?”

“మోచేత్తో నొక్కాను సారూ. ఎల్వుడ్ చూశాడు, అడగండి.”

క్రాస్ నా వైపు తిరిగాడు. “ఏమయ్యా, చూశావా?”

పోయిన నెలే ముగ్గుర్ని పనిలోంచి తీసేశారు.

“సూపు తాగుతున్నా సారూ,” అన్నాను. “సరిగ్గా చూళ్ళేదు.”

మెర్ల్ కొయ్యబారిన చెయ్యి దించుకున్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మర్నాడు డెల్ఫీన్ సాక్ష్యం చెప్తానని ఆఫీసుకి వస్తే లోపలికి రానివ్వలేదు. తిరిగి పోతూ గేటు దగ్గర నన్ను చూసింది. “అక్కడే కూర్చున్నావు కదయ్యా. థూ!” అని నా కాళ్ళ ముందు ఉమ్మింది. ఉమ్మాల్సిందే.

గేటు పని ఇంకొకడికి పోయింది. సోమవారం సెలవు రద్దు చేసి మెర్ల్‌ని మళ్ళీ తొట్లోకి దింపారు. ఎడమచేత్తో తోలు లాగి, కుడి ముంజేత్తో అదిమి పట్టేవాడు. బుధవారానికి చర్మం చిట్లింది, పుండులో సున్నం దిగింది. నేను వాడి వంతు లాగబోతే భుజంతో పక్కకి నెట్టాడు. మా కళ్ళముందే ఆ చెయ్యి ఉడికిన మాంసంలా అయిపోతుంటే ఇరవైమందిమి తలలు దించుకుని పని చేశాం. మధ్యాహ్నం అయితే కూర్చుని రొట్టెలు కూడా తిన్నాం. ఛీ.

శుక్రవారం రెండింటికి తోలు వాడి చేతిలోంచి జారి సున్నంలో పడింది. దాన్నే కాసేపు చూశాడు. గట్టెక్కి రబ్బరు బూట్లు విప్పాడు, తన జోళ్ళు తొడుక్కున్నాడు. మా అందర్నీ దాటుకుంటూ తలుపు వైపు నడిచాడు.

“ఒరే మెర్ల్!” అన్నాను. ఆగలేదు.

“ఎల్వుడ్,” అన్నాడు క్రాస్, “ఆ పడ్డ తోలు తియ్యి.”

తీశాను.