నా పేరుతో వచ్చిన దిద్దుబాటు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే "సరే, రికార్డు చూపించు" అనే రకం నేను. శ్మశానం పక్క ఇంట్లో రెండేళ్లు అద్దెకున్నా, చలికి తప్ప దేనికీ దుప్పటి ముసుగేయలేదు. అందుకే ఇది రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

హిందూపురంలో ఒంటరిగా ఉంటూ ఇంటి నుంచే ప్రోగ్రాములు రాస్తాను. ధర్మవరంలో ఉండే రామాంజి, నేను కలిసి చీరల డిజైన్లకు ఒక సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. కంప్యూటర్లో గీసిన బొమ్మను అది ఫైలుగా మారుస్తుంది. మగ్గం మీద బొమ్మ తేల్చే జకార్డు పరికరానికి ఏ అట్టలో ఎక్కడ చిల్లు పడాలో ఆ ఫైలు చెబుతుంది.

రెండు ఊళ్లలో కూర్చుని ఒకే కోడ్ మీద పనిచేస్తాం కాబట్టి గిట్ అనే సాఫ్ట్‌వేర్ వాడతాం. ఎవరు, ఎప్పుడు, ఏది, ఎందుకు మార్చారో అందులో పేరుతో సహా నిలిచిపోతుంది. ఒకరు రాసింది రెండోవాళ్లు చదివి సరేనంటేనే అసలు కాపీలో కలపాలి. మా నియమం అదొక్కటే.

మా ఫైలుతో మొదటి చీర నేస్తానన్నది రామాంజి వాళ్ల నాయన ఒక్కరే. వీధిలో మిగతావాళ్లు నవ్వారు. అది పెళ్లిచీర, ముహూర్తం దగ్గరపడింది. బొమ్మ తప్పిందని తెలిసేసరికి జానెడు నేసేసి ఉంటారు. జరీ విప్పబోతే పట్టుపోగులు చిట్లిపోతాయి. ఆయన మాట పోతుంది, ఆ వీధిలో మమ్మల్ని మళ్లీ గడప తొక్కనివ్వరు.

ఆ రోజు పొద్దున రామాంజి చివరి మార్పు పంపాడు. మధ్యాహ్నానికి అట్టలు కొట్టే మనిషి ఫైలు తీసుకుంటాడు. నాకేమో పెనుకొండలో ఆఫీసు పని, బస్సుకు టైమైపోతోంది. "చూశాను, బాగుంది" అని పెట్టి కలిపేశాను. అవును, చదవలేదు. ల్యాప్‌టాప్ ఆపి, బీరువాలో పెట్టి, ఇంటికి తాళం వేసి పరిగెత్తాను.

సోమందేపల్లి దాటాక గుబులు మొదలైంది. చదివి ఉండాల్సింది కదా అని ఒకటే పీకులాట. పెనుకొండలో దిగగానే రామాంజి ఫోన్.

"అక్కా, నా మార్పు ఏంటికి వెనక్కి తిప్పినావు? అంతా బాగుండాదని పొద్దున నువ్వే కదా అంటివి?"

నాకు అర్థం కాలేదు.

"మంచిపనే చేసినావులే. వరుస తలకిందులు రాసింటి. కొంగులో నెమళ్లన్నీ తల కిందికేసుకోని వస్తాండె. నువ్వు చెప్పినాకే కనపడింది."

ఫోన్లో తెరిచి చూశాను. ఆ మార్పును ఎవరో రద్దు చేశారు. పేరు నాది. డిజిటల్ సంతకం కూడా నాదే, అది నా ల్యాప్‌టాప్ నుంచి తప్ప పడదు. సమయం చూస్తే, అప్పుడు నేను బస్సులో ఉన్నాను. కింద తెలుగులో ఒక వాక్యం: "నెమళ్లు తలకిందులైనాయి, ఒకసారి చూడండి." అలాంటి చోట నేను ఇంగ్లీషు తప్ప రాసిందే లేదు. బస్టాండు బెంచీ మీద కూర్చుని ఆ సమయం మళ్లీ చూశాను.

రామాంజి ఇంకా లైన్లోనే ఉన్నాడు. చదవలేదని చెప్పడానికి నోరు రాలేదు. "ఆ, అనుమానమొచ్చింది, అందుకే" అన్నాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి తాళం వేసినట్టే ఉంది. ల్యాప్‌టాప్ పొద్దున ఆపాక మళ్లీ ఆన్ అయినట్టు ఎక్కడా లేదు. అందులోని కాపీలో ఆ దిద్దుబాటే లేదు. నేను చేసుంటే ముందు అక్కడ ఉండాలి. ఎవరో నా పాస్‌వర్డు కొట్టేశారనుకుని అన్నీ మార్చాను. కానీ దొంగ వచ్చి ఇంటికి చీపురు పట్టి శుభ్రం చేసి పోతాడా?

ఆ రోజే అట్టలు కొట్టేలోపు రామాంజి వరుస సరిచేశాడు, చీర బాగా వచ్చింది. రామాంజి వాళ్ల నాయన ఫోన్ చేసి, "నువ్వు చూడకుంటే నా బతుకేమైపోతాండెనో పాపా, నీ కండ్లు సల్లగుండ" అన్నారు. ఆ దీవెనకు నేను "ఊఁ" కొట్టాను. దయ్యం కంటే అదే ఎక్కువ భయపెడుతోంది నన్ను.

ఇప్పుడు ఆ వీధిలో ఆరు మగ్గాలు మా ఫైళ్లతో నడుస్తున్నాయి. రామాంజి తను రాసింది ఇంకోసారి చూసుకోవడం మానేశాడు. "అక్క చూస్తాదిలే" అంటాడు. నేను ప్రతి వరుసా వేలు పెట్టి చదువుతాను. కలిపాక కూడా గంటసేపు కదలను, నా పేరుతో ఇంకో దిద్దుబాటు వస్తుందేమోనని. ఇంతవరకూ రాలేదు. నేను సరిగ్గా చూస్తున్నాననా, లేక ఆ చూసేవాళ్లెవరో చూడటం మానేశారనా, నాకు తెలియదు.