కానుగ మొక్కలూ నా దోసె పెనమూ

“వేరుశనగ మానేస్తే తినేదేంది? దోసె మీద డీజిల్ పోసుకుంటావా?” అన్నాను.

“వంటనూనె అంగట్లో దొరుకుతాదమ్మా. డీజిల్ ఎవరు పండిస్తారు?” అన్నాడు నా కొడుకు.

“అంగట్లోనా? మనింటికా?”

ఆ మాటకు వాడు కాస్త తగ్గాడు. మూలకుళంలో మా ఇంటికి వంటనూనె కొన్నది లేదు. విల్లియనూరు దారిలో మాకున్న చిన్న చేనులో వేరుశనగ వేస్తాం. కాయలు ఎండబెట్టి, ఒలిచి, గానుగ ఆడించి పెట్టుకుంటే ఏడాదంతా అదే నూనె. నూనె తీయగా మిగిలిన చెక్క ఆవులున్న ఇంటికిచ్చి మజ్జిగ తెచ్చుకుంటాను.

ఆ చేనంతా కానుగ తోట చెయ్యాలని వాడి పట్టు. కానుగ గింజల నూనెతో బండ్లు నడుస్తాయని ఆఫీసులో ఎవరో చెప్పారట. చెప్పినాయన మంచికే చెప్పి ఉంటాడు. వీడు మాత్రం నన్నొక మాట అడక్కుండా మొక్కలు కొని, ఆటోలో వేసుకొచ్చి వరండా నిండా దించాడు. చెప్పులు విడవడానికి చోటు లేదు. పైగా మర్నాడు పొద్దున్నే చేను దున్నడానికి ట్రాక్టర్‌కు కూడా చెప్పేశాడు.

“చిన్నప్పుడు నీకు గజ్జి లేస్తే రాసింది ఆ నూనేరా. ఇల్లంతా కంపు. దాంతో బండి తోలతావా?”

“కంపు బండికి తెలీదులే. పెట్రోలు అయిపోతే నీ మనవరాలు బడికి ఎట్టా పోతాది?”

“నడిచి పోతాది. నేను పోలా?”

“పోయావు, నాలుగో తరగతి దాకా!”

వంటింట్లో కోడలు కిసుక్కుమంది. యానాం పిల్ల, నవ్వు ఆపుకోలేదు. “నవ్వింది చాల్లే, పప్పు చూడు” అని ఇటు తిరిగాను.

“కాపు ఎప్పటికి?”

“నాలుగైదేండ్లు. ఓపిక పట్టాల. ఎరువడగదు, బీడులో అయినా పెరుగుతాది.”

“బీడులో పెరిగేదానికి నా చేనెందుకురా?”

“మనకు బీడు యాడుంది?”

“సరే, నాటుకో. ఓపిక రేపు పొద్దున్నుంచే పడదాం.” నూనె డబ్బా తీసి నా బీరువాలో పెట్టి తాళం వేశాను.

“మరి తాలింపో, అత్తయ్యగారూ?” అంది కోడలు.

“నీ మొగుణ్ణి అడుగు.”

నా కోపం మొక్కల మీద కాదు. కొని తెచ్చిన సరుకు కళ్ళముందు వాడిపోతుంటే చూడలేను. బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి వాటి మొదట్లో పోశాను. అది చూసి వాడు ఫోన్‌లో ఎవరితోనో “అమ్మ ఒప్పుకుంది” అంటున్నాడు.

“ఒప్పుకోలా! నీళ్ళు పోశా, అంతే!” అని అరిచాను.

మర్నాడు పొద్దున దోసెలు పోశాను. ఇడ్లీ అయితే నూనె లేకుండా గడిచిపోతుంది, అందుకే దోసె. మొదటిది పెనాన్ని వదల్లేదు, గీకి తీశాను. రెండోది అప్పడంలా వచ్చింది. రెండూ వాడి పళ్ళెంలోనే వేసి, పక్కన కారప్పొడి పెట్టాను. పొడి మధ్యలో గుంట చేసి మన నూనె పోసుకోనిదే వాడికి ముద్ద దిగదు. అలవాటుగా గుంట చేశాడు. డబ్బా కోసం చెయ్యి చాపాడు.

“నీళ్ళు పోసుకో” అన్నాను.

పంతానికి పొడి అట్లాగే అద్దుకుని తిని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా దగ్గాడు. మనవరాలు తనకేసిన ఎండు దోసె పక్కకు జరిపేసి, “నాలుగేండ్లూ ఇట్టానేనా, నాన్నా?” అంది.

వాడు లేచి చెయ్యి కడుక్కున్నాడు. ట్రాక్టరాయనకు ఫోన్ చేసి రావద్దన్నాడు. “గట్టు వెంబడి ఎన్ని పడతాయో చూద్దాం” అన్నాడు గోడకు చెప్పినట్టు.

బీరువా తాళం తీశాను. అందరూ మళ్ళీ తిన్నాక, వాడూ నేనూ మొక్కలు ఆటోకెక్కించి చేనుకు పోయాం. గట్టు మీది ముళ్ళకంప కొట్టి వరసగా నాటాం. అక్కడ పట్టనివి కాలవ పక్కన పెట్టాం. వేరుశనగ నేలలో ఒక్కటీ పెట్టలేదు.