మెడల్ రోజు తెల్ల బస్సు

నా కొంగు లాగుతున్న చెయ్యి ఆగిపోయింది. భయం మొదలైంది అప్పుడే. పక్కకు తిరిగి చూస్తే పిల్లల కుర్చీలు రెండూ ఖాళీ. ఒకదాని మీద నా కొడుకు సగం తిన్న బిస్కెట్ ఉంది.

అది సంగారెడ్డిలో మా కాలేజీ హాలు. ఏడాది చివర, పీజీ శాఖల్లో మొదటి మార్కులు వచ్చినవాళ్లకు మెడల్ ఇచ్చే రోజు. కెమిస్ట్రీలో ఆ మెడల్ నాది. ఇద్దరు పిల్లలు పుట్టాక మళ్లీ చదువులో చేరి, పటాన్‌చెరు నుంచి రెండేళ్లు బస్సులో నిలబడి తిరిగాను. పరీక్షకు వెళ్తూ కూడా పిల్లల నుదురు ముట్టుకుని జ్వరముందేమోనని చూసే మనిషిని. అలాంటిదాన్ని ఆ రోజు మాత్రం వాళ్ల వైపు తిరగలేదు.

మా ఆయనది ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టు. డ్యూటీ దిగగానే సంగారెడ్డి వచ్చే కంపెనీ బస్సెక్కి, కాలేజీ గేటు దగ్గరే దిగుతానన్నాడు. ఆరేళ్ల బిడ్డను కిటికీ పక్కన కూర్చోబెట్టి నేనే పని అప్పజెప్పాను.

"డాడీ బస్సొస్తదేమో చూస్తుండు. తమ్ముని చెయ్యి ఇడువకు. సప్పుడు మాత్రం చెయ్యకున్రి, మేడమ్‌లు కోపం చేస్తరు."

వేదిక మీద ముఖ్య అతిథి మాట్లాడుతున్నారు. తర్వాత పిలిచేది మా శాఖనే. బిడ్డ కొంగు లాగింది.

"అమ్మా..."

"ష్."

మళ్లీ లాగింది. చూడకుండానే పెదవుల మీద వేలు పెట్టుకున్నాను. మూడోసారి లాగి వదిలేసింది.

ఖాళీ కుర్చీలు చూడగానే కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గేటు దాకా పరుగెత్తాను. వాచ్‌మన్ తీరిగ్గా చెప్పాడు. "ఇద్దరు పిల్లలా? గిప్పుడే కంపెనీ బస్సెక్కిన్రు. డాడీ ఉన్నడన్నరు. పటాన్‌చెరు దిక్కు పోయింది."

మా ఆయన బస్సు పటాన్‌చెరు వైపు నుంచి రావాలి గానీ అటు పోదు. మా దగ్గర కంపెనీ బస్సులు చాలావరకు ఒకేలా ఉంటాయి, తెల్ల రంగు మీద నీలం గీత. పెద్దవాళ్లం అద్దం మీది బోర్డు చూసి ఎక్కుతాం. ఇంకా కూడబలుక్కుని చదివే పిల్ల రంగు చూసి ఎక్కింది.

ఏ కంపెనీదని అడిగితే వాచ్‌మన్‌కు తెలియదు. మా ఆయన ఫోన్ ఎత్తడం లేదు. రోడ్డు మీద లారీ వెనక లారీ. లోపల మైకులో నా పేరు పిలిచారు. మళ్లీ పిలిచారు. అది వేరే ఎవరి పేరో అన్నట్టు విన్నాను.

అంతలో రోడ్డు వెంట ఒకామె వస్తూ కనిపించింది. చీర మీద ఫ్యాక్టరీ నీలం చొక్కా. చంకలో నా కొడుకు, చేతిలో బిడ్డ చెయ్యి.

"నీ పిల్లలేనా అమ్మా? నీ బిడ్డ సీటు సీటుకు పోయి మొఖాలు చూస్తుంటే టికెట్ చెకింగేమో అనుకున్నం," అందామె. "డాడీ దొర్కలేదని ఏడుపు షురూ చేసినంక సమజైంది. డ్రైవర్ అన్నను ఆపుమని, దిగి నడిపించుకొచ్చిన."

"మరి మీ షిఫ్టు?"

"లేటయితే సూపర్‌వైజర్ తిడ్తడు. రోజూ తిట్టేదే, ఇయ్యాల జెర ఎక్కువ తిట్టనీ." మైకు వైపు చెవి పెట్టింది. "లోపల పిలిచేది నిన్నేనా? మరి గిక్కడ నిలవడి ఏడుస్తవేంది! నడువు జల్దీ. వీళ్లను నేను పట్టుకుంట."

మా మేడమ్ నా పేరు పక్కన పెట్టి చివర్లో మళ్లీ పిలిచారు. వేదిక మీద నుంచి చూస్తే వెనక వరుసలో ఆమె, ఆమె ఒడిలో నా కొడుకు. వాడు "అమ్మా" అనబోయాడు. బిడ్డ గబుక్కున వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. అంత జరిగాక కూడా నేను చెప్పిన మాట తప్పలేదు. అందరూ చప్పట్లు కొడుతుంటే నా కళ్లు ఆ చిన్న చేతి మీదే ఉన్నాయి.

నేను దిగి వచ్చేసరికి మా ఆయన చేరుకున్నాడు. పిల్లలు డాడీ అంటూ ఎగిరాక గానీ ఆమె వాళ్లను ఆయనకు అప్పజెప్పలేదట. ఆ వెంటనే ఆటో కోసం వెళ్లిపోయింది. పేరు కూడా అడగలేకపోయాను. ఇప్పుడు రోడ్డు మీద ఏ తెల్ల బస్సు కనిపించినా, నా బిడ్డలాగే లోపలి మొహాలు ఒక్కొక్కటీ చూస్తున్నాను.

మర్నాడు పొద్దున జడ వేస్తుంటే బిడ్డ మెల్లగా అడిగింది, "తిడ్తవా అమ్మా?"

లేదన్నాను. తమ్ముణ్నీ పిలిచి ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"నాకు చెప్పకుండ యాడికీ పోవద్దు. నేను ఇనకపోతే గట్టిగ ఒర్రున్రి. మైకుల ఎవరు మాట్లాడుతున్నా సరే, నేను స్టేజీ మీద ఉన్నా సరే. మేడమ్‌లు కోపం చేస్తే చేయనీ."