అతుక్కుపోయిన వాన బొమ్మ

మా ఆవిడ సిద్దిపేటలో అమృతవర్షిణి రాగం పాడితే వాన కురిసింది. ఇసుక వేస్తే రాలనంత జనం. ఈ ముక్క నేను చెప్పని పెళ్లి పందిరి లేదు. నిజానికి ఆ వాన పొద్దుటి నుంచే పడుతోంది. బడి హాల్లో సగం కుర్చీలు ఖాళీ. వచ్చినవాళ్లలోనూ కొందరు తడవకుండా లోపలికి దూరినవాళ్లే.

తొంభైల మొదట్లో మాట. అంతకు కొన్నేళ్ల ముందు హైదరాబాదులో కచేరీ మధ్యలో గొంతు పెగలక ఆవిడ లేచి వచ్చేసింది. జనం తననే చూస్తుంటే పాట రాదట. మళ్లీ వేదిక ఎక్కలేదు. అందుకని నేనొక ఉపాయం ఆలోచించాను. పొడవాటి గుడ్డ మీద గీసిన చేర్యాల బొమ్మల పటం వేలాడదీసి, కథలు చెప్పేవాళ్లలాగా ఒక్కో బొమ్మ విప్పుతూ పోవాలి. ఆ బొమ్మకు తగిన రాగం ఆవిడ పాడుతుంది. జనం కళ్లు పటం మీదే ఉంటాయి. ఉపాయం నాదని రాశాను గానీ, ఆవిడదే.

తెల్లవారుతున్న ఊరి బొమ్మకు భూపాలం, ఇంటికి మళ్లే గొడ్ల బొమ్మకు మోహన చక్కగా సాగాయి. మూడోది వాన బొమ్మ, అమృతవర్షిణికి. పటం గీసినాయనే వచ్చి విప్పుతున్నాడు; గుడ్డ చుట్టను కిందికి వదిలాడు. అది కదల్లేదు. బస్సు మీద తెస్తుంటే తడి తగిలి, రంగులోని జిగురు మెత్తబడి, గుడ్డకు గుడ్డ అంటుకుంది.

"గుంజకున్రి సారూ, రంగు ఊడొస్తది. మెల్లగ ఇప్పాలె" అన్నాడాయన.

నేను వంగి ఆవిడ చెవిలో చెప్పాను. "బొమ్మ అతుక్కున్నది. వస్తలేదు."

"అందరు నన్నే చూస్తున్రు. ఎట్లనయ్యా?"

ఆవిడ కొంగు సర్దుకుని తలుపు వైపు చూసింది. ఇంకాసేపైతే లేచి వెళ్లిపోతుందని నాకు తెలుసు. అప్పుడు ముందు వరుసలోంచి మా అవ్వ, అదే మా అమ్మ, గొంతెత్తింది.

"బయట గింత వాన దంచుతుంటె ఇగ బొమ్మెందుకే? నువ్వు పాడు బిడ్డా!"

హాలంతా నవ్వింది. మా ఆవిడా నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే ఆలాపన మొదలైంది. సాగదీయమని నేనే సైగ చేశానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. ఎక్కడి సైగ! పటం వెనక్కి వెళ్లి గుడ్డ అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాను. పక్కన ఆయన బొటనవేలి గోటితో ఒక్కో మడతా విడదీస్తుంటే, ఆవిడ గొంతు పై షడ్జమానికి ఎక్కి అక్కడే నిలబడింది. హమ్మయ్య అనుకున్నాను. ఎప్పటికో బొమ్మ కిందికి జారింది. ఒక మబ్బుకు రంగు ఊడిపోయింది, అంతే.

ఇంటికి వెళ్తుంటే రిక్షాలో అవ్వ అడిగింది. "గా మూడో బొమ్మ ఇగ ఇప్పనే లేదారా?"

"ఇప్పిండే అవ్వా! గంటసేపు నీ కండ్ల ముందే ఉన్నది." గంట కాదు, పావుగంట ఉండొచ్చు.

"ఏమో, నేనైతె చూడలే. దీని మొకమే చూస్కుంట కూసున్న."

మా ఆవిడ తడి కొంగు పిండుకుంటూ అంది. "నేను గూడ చూడలే అత్తా."