గులాబీ మడికి ఆఖరి ఎరువు

ఒరిస్సా కొండల్లో, సెమిలిగుడ దగ్గర ఫ్యాక్టరీ కాలనీలో మా పక్క క్వార్టరు అప్పలకొండమ్మది. బొబ్బిలి నుంచి కొత్త పెళ్ళికూతురిగా వచ్చింది, ఈ కొండ చలికి వణుకుతూ, మొగుణ్ణి తిడుతూ. మొగుడు గంగరాజు క్రేన్ నడిపేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళాం తిట్లకి జవాబుగా ఇంటి పక్క జాగాలో గులాబీలు పెంచేవాడు.

వాటికోసమే ఎరువు గొయ్యి తవ్వాడు. పేడ, ఎండుటాకులు, కూరల తొక్కలు, ఆఖరికి పూజలో పెట్టిన పూలు కూడా అందులోనే. ఆవిడ ఊరుకుంటుందా? దేవుడి పూలు కాళ్ళకింద పడితే కళ్ళు పోతాయని రోజూ గొడవే. ఆయన మానలేదు. ఆ పూలు తొక్కాల్సి వస్తుందని ఆవిడ ఇన్నేళ్ళలో ఆ మడిలో కాలు పెట్టలేదు. పూలు కోసిచ్చే పనీ ఆయనదే.

కిందటి వేసవిలో గంగరాజు డ్యూటీ నుంచి వచ్చి, మంచినీళ్ళడిగి, అవి తెచ్చేలోగానే పోయాడు. ఈ చలికాలం వెళ్ళాక క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు. సామానంతా కట్టేశాక గొయ్యి మిగిలింది. మూత తీస్తే ఎరువు నల్లగా, పొడిపొడిగా మాగి ఉంది.

"సంచుల్లో పట్టుకుపో వదినా" అన్నాను.

"ఈ మొక్కల కోసవే సేసేడు వదినా. ఒగ్గీసి ఎలిపోమంటావేటి?"

చెప్పులు విప్పి, మట్టి కళ్ళకద్దుకుని మడిలోకి దిగింది. మొదళ్ళకి తగలకుండా చుట్టూ ఎరువు పోసి, పైమట్టిలో చేత్తో కలిపి, నీళ్ళు చల్లింది. ఏడుస్తూనే ఆయన్ని తిట్టింది.

ఆ సాయంత్రమే, ఆ క్వార్టరు కొత్తగా తనకొచ్చిన సూర్యప్రకాష్ ఇల్లు చూసుకోడానికొచ్చాడు. మంచి కుర్రాడే. "ఇక్కడ సిమెంటు వేయిస్తే కారు పడుతుంది" అన్నాడు, మడి చూపించి.

"ఈ ఒక్కపాలి పూసేక ఏసుకో బాబూ" అందావిడ.

"అలాగేనండీ" అన్నాడు, నాకేసి చూస్తూ.

ఆవిడ బొబ్బిలి వెళ్ళిన వారానికే సిమెంటు పడింది. నాకు ఒళ్ళు మండింది, కానీ ఇల్లు అతనిది. పీకేసిన మొక్కలు తెచ్చి మా పెరట్లో నాటాను. ఒక్కటీ బతకలేదు.

ఆవిడ ఫోను చేసినప్పుడల్లా అదే అడుగుతుంది.

"మొగ్గలేసేయా వదినా?"

"ఏసేయి" అంటాను.

నిన్న ఎంత సంబరపడిందో. "ఎరువు బాగా పట్టిందన్నమాట! వచ్చే నెల్లో ఆయన సంవత్సరీకం. నాలుగు పువ్వులు కోసి బస్సులో అంపీ వదినా, పటానికెడతాను."

అలాగే అన్నాను. కొరాపుట్‌లో పూలకొట్టుకి వెళ్ళాలి.