కుడిచేతి దర్వాజ

కరోనా సద్దుమణిగిన తర్వాతి ఎండాకాలం. కరీంనగర్‌ల ఒక ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగం. విభాగమని మర్యాదకు అంటున్న. రెండు బల్లలు, ఒక మెషీన్, నేను.

చొప్పదండి నుంచి రాజవ్వ వచ్చేది. నలభై ఐదేండ్లు, బీడీలు చేసే మనిషి. పక్షవాతంతోని కుడిచెయ్యి పిడికిలి బిగుసుకపోయింది. స్పాస్టిసిటీ అంటం దీన్ని: కండరం పట్టిన పట్టు వదలదు. ఆమె కోరిక చిన్నదే.

"పెండ్లిల బంతిల కూసొని గీ చేత్తో బువ్వ తినాలె సారూ. ఎడమ చేత్తో తింటే అందరు నా ఇస్తరాకు దిక్కే చూస్తుండ్రు."

రెండు నెలలు నేను "వేళ్లు చాపు" అన్న. వేళ్లు వినలే. పెద్ద డాక్టరు ఫైలు తిరగేసి "ప్లాటో" అన్నడు. ఇగ మెరుగయ్యేది లేదని మేం ఇంపుగ చెప్పే మాట అది.

"సోమవారం చూస్త. మార్పు లేకుంటే బంద్ చెయ్యి. వేరేటోళ్లు లైన్ల ఉన్నరు."

గురువారం, కండరానికి సన్నగ కరెంటు పెట్టే స్టిమ్యులేటర్ ఆమె చేతికి తగిలిస్తుంటే కరెంటు పోయింది. ఏం తోచక, వ్యాయామానికి వాడే చెక్కముక్కలు ఐదు తీసుకొని గచ్చకాయలాడిన. ఒకటి ఎగరేసి, అది పడేలోపల మిగతావి ఏరాలె. చిన్నప్పుడు అక్కలు ఆడంగ చూసుడే తప్ప నాకు వచ్చింది లేదు.

రాజవ్వ కాసేపు ఓపిక పట్టింది.

"థూ, గట్లనా? ఎంతదాంక చదివినవ్ సారూ?"

"డిగ్రీ అయింది."

"డిగ్రీల గిది చెప్పలేదా? ఇటు తే."

ఎడమ చేత్తో ఎగరేసింది. మూడాటలు గడిచినయి. నాలుగోది దర్వాజ: రెండో చెయ్యి బల్ల మీద వంపుగ ఆనిస్తే, బొటనవేలికి చూపుడువేలికి నడుమ నుంచి కాయలు లోపలికి తోయాలె. ఆట వేడిల ఆమె కుడిచెయ్యి తనంతల తాను వచ్చి బల్ల మీద నిలబడ్డది. రెండు వేళ్ల నడుమ ఒక కాయ పట్టేంత సందు.

నోరు తెరిస్తే దర్వాజ మూసుకుంటదని భయం.

"ఏం చూస్తున్నవ్? నీ వంతు," అన్నది.

కేస్ షీట్‌ల రాసిన: "గచ్చకాయలు, రోజూ అరగంట."

సోమవారం పెద్ద డాక్టరు అది చదివిండు. "ఏందయ్యా, ఇది ఆసుపత్రా, అంగన్‌వాడీయా? కొట్టెయ్."

"కొట్టెయ్యను సార్." ఆయన కంటే నేనే ఎక్కువ ఆశ్చర్యపోయిన.

ఆయన ఆమె దిక్కు తిరిగి, "వేళ్లు చాపమ్మా," అన్నడు. రాజవ్వ నుదురు చెమట పట్టింది. పిడికిలి ఇంకింత బిగుసుకుంది.

"చూసినవా?"

"మీరు అడుగుడే తప్పయింది సార్." ముక్కలు బల్ల మీద పోసిన. "రాజవ్వా, సారుకు గూడ ఆట రాదు."

"అయ్యో," అని ఆమె కాయ ఎగరేసింది. కుడిచెయ్యి వచ్చి నిలబడ్డది. ఒకటి దూరింది, రెండోది దూరింది. మూడోది బొటనవేలికి తగిలి ఆగింది.

పెద్ద డాక్టరు కిందికి వంగి చూసిండు. "సందు తక్కువుంది," అన్నడు. లేచి నిలబడి, "ఇంకో నెల చూడు. కానీ ఆ రాసింది..."

"ఉంటది సార్."

వానలు పడేటాళ్లకు రాజవ్వ ఒక పెండ్లిల బంతిల కూసున్నది. కుడిచేత్తో కలిపిన బువ్వ సగం నోట్లకు, సగం చీర మీదికి పోయిందని వచ్చి చెప్పింది. అంత గర్వంగ చీర పాడుచేసుకున్నోళ్లను నేను చూడలే.

ఆ గురువారం కరెంటు పోకుంటే నేను పద్ధతి ప్రకారం పనిచేసి, పద్ధతి ప్రకారం ఓడిపోయేటోన్ని. చేతికి హుకుం అంటే పడదు, ఆటంటే పడుతదని నాకు తెలిసింది అట్ల. ఇప్పుడు రోజూ పొద్దున అరగంట ఏ పనీ పెట్టుకోను. పేషెంట్లతోని ఏదో ఒకటి ఆడుత. టైంటేబుల్‌ల ఆ గడి ఖాళీగ ఉంది, దానికొక పేరు రాయమని ఆఫీసోళ్లు అడుగుతనే ఉన్నరు. రాయను. పేరు పెట్టిన్నాడు అది గూడ వ్యాయామమైపోతది.